కూలిపోయేముందు నోరు విప్పేది

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన లినక్స్ 0.01లోనే ప్రింట్‌కే అనే ఫంక్షన్ ఉంది. మామూలు ప్రోగ్రాములు తెరమీద ఏదైనా రాయాలంటే ప్రింట్‌ఎఫ్‌ను పిలుస్తాయి. అది వెళ్లి ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌ను అడుగుతుంది. మరి కెర్నెలే ఏదైనా చెప్పాలంటే? దాని కింద అడగడానికి ఎవరూ లేరు. అందుకే సొంతంగా ఒకటి రాసుకోవలసి వచ్చింది.

సందేశాలన్నీ ముందు మెమరీలో బఫర్ అనే ఒక నిర్ణీత స్థలంలో పడతాయి. రాసే చోటు గానుగెద్దులా అక్కడే తిరుగుతుంటుంది. నిండితే పాతవాటి మీదే కొత్తవి. ప్రతి సందేశానికీ 0 నుంచి 7 దాకా ఒక తీవ్రత అంకె. 0 అంటే యంత్రం ఇక పనికిరాదని. 7 అంటే ప్రోగ్రామర్ల సొద. ఇంతవరకూ తేలికే.

1996లో లినక్స్ 2.0తో ఒకటికి మించిన ప్రాసెసర్లకు మద్దతు వచ్చింది. ఇద్దరు ఒకేసారి రాస్తే అక్షరాలు కలగాపులగం. కాబట్టి ఒకరు రాస్తున్నంతసేపూ తాళం. సరే, తాళం చేతిలో ఉన్న ప్రాసెసర్ మీదికే చేస్తున్న పనిని ఆపించే, ఎవరూ ఆపలేని అత్యవసర ఇంటరప్ట్ వచ్చిపడి, అదీ ప్రింట్‌కేనే పిలిస్తే? కొత్తగా వచ్చింది తాళం కోసం ఆగాలి. ఆ కొత్తది ముగిస్తేగానీ తాళం పట్టుకున్న పాతది కదలదు. యంత్రం బిగుసుకుపోతుంది. లోపం చెప్పడానికి వచ్చినదే ప్రాణం తీసిందన్నమాట! అతుకులు చాలానే వేశారు గానీ చిక్కు పూర్తిగా తీరలేదు.

దీనికి తోడు ఆ సందేశాలను బయటికి పంపి చూపించే సీరియల్ కన్సోల్ మందకొడితనం. సెకనుకు 1,15,200 బిట్ల వేగంతో వంద అక్షరాల వరుస పోవడానికి దాదాపు 9 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రాసెసర్‌కు అదొక యుగం. పిలిచిన పాపానికి అంతసేపూ అక్కడే నిలబడేది.

రాసిపెట్టుకోవడం, చూపించడం అనే రెండు పనుల్ని ముడివేయడమే అసలు పొరపాటని నాకనిపిస్తుంది. ఆ ముడి విప్పడంలో ముఖ్యుడు జాన్ ఆగ్‌నెస్. 2020 డిసెంబరులో వచ్చిన 5.10లో ఆయన రాసిన, తాళమే అక్కర్లేని బఫర్ చేరింది. తర్వాత కన్సోల్ పనిని విడి థ్రెడ్లకు అప్పగించారు. కెర్నెల్ కుప్పకూలే వేళ మాత్రం ఆ పనిని లాక్కొని నేరుగా రాసే ఏర్పాటు ఉంచారు.

నిర్ణీత గడువులో స్పందించి తీరాల్సిన రియల్‌టైమ్ లినక్స్ కోసం దాదాపు 20 ఏళ్లు పనిచేసినవారికి చివరి పెద్ద అడ్డంకి ఈ ప్రింట్‌కేనే అయింది. అది తొలగాకే, 2024 నవంబరులో వెలువడిన 6.12లో రియల్‌టైమ్ మద్దతు ప్రధాన కెర్నెల్‌లో భాగమైంది.