విమాన దూరం వేరు, ప్రయాణ కాలం వేరు
షాద్‌నగర్ నుంచి బెంగుళూరు ప్రయాణంపై ఒక పరిశీలన

షాద్‌నగర్: రెండు నగరాల మధ్య విమాన దూరంగా పేర్కొనే సంఖ్య వాస్తవానికి రెండు విమానాశ్రయాల మధ్య గల సరళ దూరం మాత్రమే. విమానాశ్రయం మారితే ఆ సంఖ్య కూడా మారుతుంది. అధికారిక పర్యటనల రూపకల్పనలోను, వార్తా రచనలోను ఈ అంశాన్ని గమనించవలసి ఉంటుంది.

మారిన విమానాశ్రయాలు

ఇందుకు హైదరాబాద్–బెంగుళూరు మార్గం చక్కని నిదర్శనం. 2008 మార్చి 23న శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి, అదే సంవత్సరం మే 24న దేవనహళ్లి నుంచి విమాన సర్వీసులు ప్రారంభమయ్యాయి. అంతకుముందు బేగంపేట నుంచి బెంగుళూరులోని హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయానికి సరళ దూరం సుమారు 505 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి దేవనహళ్లికి ఇది సుమారు 453 కిలోమీటర్లు. నగరాలు ఉన్నచోటనే ఉన్నప్పటికీ విమాన దూరం 50 కిలోమీటర్లకు పైగా తగ్గింది.

2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగే వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, ప్రస్తుతం రంగారెడ్డి జిల్లాలో ఉన్న షాద్‌నగర్ ప్రాంతవాసులకు ఈ మార్పు మేలు చేసింది. లోగడ నగరం దాటి సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణించి బేగంపేట చేరవలసి ఉండేది. శంషాబాద్ విమానాశ్రయం సుమారు 35 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది.

కాలం దూరానికి అనులోమం కాదు

విమానం గంటకు సుమారు 800 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది. ఆ లెక్కన బెంగుళూరుకు 35 నిమిషాలు చాలు. అయినను సమయపట్టికలో దాదాపు గంటంబావు చూపుతారు. విమానం నిలిచిన చోటి నుంచి కదిలినది మొదలు గమ్యంలో తిరిగి నిలిచే వరకు గల కాలాన్ని లెక్కించడమే ఇందుకు కారణం. రన్‌వే చేరడం, ఎత్తుకు ఎగయడం, దిగడం, దిగుటకు వరుసలో వేచి ఉండడం ఇందులో చేరి ఉంటాయి. ఢిల్లీకి దూరం సుమారు 1,260 కిలోమీటర్లు, కాలం దాదాపు రెండుంబావు గంటలు. అనగా దూరం మూడు రెట్లకు చేరువైనా కాలం రెట్టింపు కూడా కాలేదు.

గల్ఫ్ ప్రయాణాలలో గడియారం తేడాను కూడా లెక్కించాలి. దుబాయి సమయం మన కంటే గంటన్నర వెనుక ఉంటుంది. ఉదయం 10 గంటలకు బయలుదేరిన విమానం అక్కడి సమయం ప్రకారం మధ్యాహ్నం 12.30కి చేరితే ప్రయాణ కాలం రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు. శీతాకాలంలో పడమటి గాలుల వలన తిరుగు ప్రయాణం తరచు త్వరగా ముగుస్తుంది.

ఇంటి నుంచి గమ్యం వరకు

షాద్‌నగర్ బెంగుళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీదనే ఉన్నది. విమానం ఎక్కదలచిన వారు మాత్రం ముందుగా ఉత్తర దిశగా శంషాబాద్ చేరి, అక్కడి నుంచి దక్షిణానికి మళ్లాలి. విమానాశ్రయం చేరడానికి సుమారు గంట, ముందస్తుగా ఉండవలసినది రెండు గంటలు, విమానంలో గంటంబావు, సామాను తీసుకుని సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని బెంగుళూరు నగర మధ్యానికి చేరడానికి మరో గంటన్నర కలిపితే ఆరు గంటలకు చేరువవుతుంది. రోడ్డు మార్గాన సుమారు 520 కిలోమీటర్లకు ఎనిమిది నుంచి తొమ్మిది గంటలు పడుతుంది. ఆదా అయ్యేది దాదాపు మూడు గంటలే.

దేశీయ ప్రయాణాలకు చాలా విమానయాన సంస్థలు గంట ముందే చెక్-ఇన్ కౌంటర్లు మూసివేస్తాయి. గంటంబావు ప్రయాణమే కదా అని ఆలస్యంగా బయలుదేరిన వారికి విమానం తప్పిపోతుంది. అందువలన వార్తలలోను, పర్యటన కార్యక్రమాలలోను దూరం సరళమా, రోడ్డు మార్గమా అన్నది, కాలం విమానానిదా, మొత్తం ప్రయాణానిదా అన్నది స్పష్టంగా పేర్కొనడం ప్రయోజనకరం.