గళ్లతో బొమ్మ పెద్దదవడం ఎలా?

చిన్న బొమ్మను వంకర పోకుండా పెద్దది చేయాలంటే గళ్లు గీయడం తేలిక మార్గం. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో పిల్లలకు బాగా తెలిసిన రైలింజన్‌నే తీసుకోవచ్చు. ఇంజన్ బొమ్మ మీద పెన్సిల్‌తో 1 సెంటీమీటరు గళ్లు గీయాలి. పెద్ద కాగితం మీద అన్నే గళ్లు, 3 సెంటీమీటర్లవి, పలుచగా గీయాలి. రెండింటికీ అడ్డంగా అంకెలు, నిలువుగా అక్షరాలు వేయాలి. బొమ్మలోని గీత గడి అంచును ఎక్కడ దాటిందో చూసి, పెద్ద గడిలోనూ అక్కడే చుక్క పెట్టి, చుక్కలు కలపాలి. చివర గళ్లు చెరిపేయాలి.

ఇది ఎందుకు కుదురుతుంది? ప్రతి పొడవూ ఒకే లెక్కన మూడింతలవుతుంది, కోణాలు మారవు. అందుకే చక్రం గుండ్రంగానే ఉంటుంది. వైశాల్యం మాత్రం 3×3, అంటే తొమ్మిదింతలవుతుంది. ఇదే లెక్క తిరగేస్తే పెద్దది చిన్నదవుతుంది: బ్రాడ్‌గేజి పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్ల దూరం 1:100 కొలతలో దాదాపు 17 మిల్లీమీటర్లు.