బొట్టు కింద తెల్లమచ్చ

నుదుటి మీది స్టిక్కర్ బొట్టు ఊడదీయగానే, దాని అడుగున అదే పరిమాణంలో పాలిపోయిన మచ్చ! బ్యూటీ పార్లర్లలో చిరకాలంగా పనిచేస్తున్న స్త్రీలకు ఈ దృశ్యం కొత్త కాదు. కుర్చీలో కూర్చున్న యువతి దానిని ఇంకా గమనించి ఉండకపోవచ్చు. గమనించినా ఇంట్లో ఎవరితోనూ అని ఉండకపోవచ్చు. వైద్యుని కన్న ముందు ఆ మచ్చ సౌందర్య నిపుణురాలి కంట పడింది. ఇప్పుడామె నోట వెలువడే మాట మీద, ఆమె చేతి పని మీద చాలా ఆధారపడి ఉంటుంది.

ఆ మచ్చ రెండు విధాలుగా ఏర్పడవచ్చు. స్టిక్కర్ వెనుక జిగురులో కొన్నిసార్లు వాడే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం చర్మానికి రంగునిచ్చే కణాలకు విషప్రాయం. కొన్ని హెయిర్ డైలలో, రబ్బరు చెప్పులలో ఉండే రసాయనాలకూ ఈ గుణం ఉంది. లేదా అది బొల్లికి నాంది కావచ్చు. బొల్లి ఆటో ఇమ్యూన్ వ్యాధి: శరీరాన్ని కాపాడవలసిన రక్షణవ్యవస్థే పొరబడి, ఆ రంగుకణాలను శత్రువులుగా భావించి నాశనం చేస్తుంది. ఏది ఏదో తేల్చవలసినవాడు వైద్యుడే. స్టిక్కర్ మానమని చెప్పటానికి మాత్రం వైద్య పట్టా అక్కరలేదు.

ప్రపంచ జనాభాలో నూటికి సుమారు ఒకరికి బొల్లి ఉంటుంది. తాకితే అది అంటదు. ఒకే దువ్వెన, ఒకే తువాలు వాడినా అంటదు. దానిని కొందరు 'తెల్ల కుష్ఠు' అంటారు. ఒక వ్యాధికి ఇంతకన్న అన్యాయమైన పేరు మరొకటి ఉండదేమో! కుష్ఠు మచ్చలో సాధారణంగా స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చలో సూదిమొన సైతం తెలుస్తుంది. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ పేరు ఎన్ని పెళ్లి సంబంధాలను చెడగొట్టిందో లెక్కలేదు.

1870ల దశకంలో హైన్రిక్ కోబ్నర్ అనే జర్మన్ వైద్యుడు సోరియాసిస్ రోగిలో ఒక వింత గమనించాడు. చర్మం గీరుకున్న చోట, గుర్రం కరిచిన చోట, చివరకు పచ్చబొట్టు పొడిపించుకున్న చోట కూడా వ్యాధి కొత్తగా తలెత్తింది. బొల్లిలోనూ ఇదే జరుగుతుంది. పార్లర్ పనివారు గుర్తుంచుకోవలసిన వైద్యసత్యం ఒక్కటే ఉంటే అది ఇదే. వ్యాక్సింగ్, గట్టిగా రుద్దే స్క్రబ్, బ్లీచ్, త్రెడింగులో తెగిన చర్మం — ప్రతి ఒక్కటీ చిన్న గాయమే. మచ్చలు పెరుగుతున్న దశలో వీటిని మానటమే మేలు. మచ్చను కప్పటానికి శాశ్వతమైన టాటూ వేయిస్తామనటం మరీ సాహసం.

అందుచేత పని మొదలుపెట్టే ముందు, పక్క కుర్చీకి వినపడకుండా, ఒకటి రెండు ప్రశ్నలు అడగాలి: "ఇది ఎన్నాళ్లుగా ఉందమ్మా? పెరుగుతోందా? ఏదైనా మందు రాస్తున్నారా?" ఈ మూడవ ప్రశ్న ముఖ్యం. తెల్లబడటానికని దుకాణంలో కొన్న స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి రాసుకొన్న చర్మం పలచబడి ఉంటుంది. వ్యాక్స్‌తో పాటే ఊడిరావచ్చు. రంగులేని చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది గనుక సన్‌స్క్రీన్ సూచించవచ్చు. మచ్చను కప్పే మేకప్ ఉన్నదని తెలియజేయవచ్చు గాని, కప్పుకోక తప్పదన్నట్లు మాట్లాడరాదు. ఆ మేకప్ రంగును ట్యూబ్‌లైటు కింద కాక పగటి వెలుతురులో సరిచూడాలి.

చికిత్స లేదనుకోవటం పొరపాటు. మన ప్రాచీన వైద్యులు బొల్లికి వాడిన బావంచాలలో సోరాలెన్ అనే పదార్థం ఉంది. దానినే అతినీలలోహిత కాంతితో జోడించి ఆధునికులూ వాడారు. 2022లో అమెరికా రుక్సోలిటినిబ్ అనే లేపనాన్ని ఆమోదించింది. వేళ్ల కొసల కన్న ముఖం మీది మచ్చలు చికిత్సకు బాగా లొంగుతాయి. రంగు తరచు రోమకూపాల చుట్టూ, చిన్న చిన్న గోధుమరంగు చుక్కలుగా తిరిగి వస్తుంది. వాటిని మురికి అని భ్రమించి స్క్రబ్ అందుకోరాదు.