ఉత్తరముల పెట్టెకు వేళ తప్పని నకలు

ఆదోని మార్కెట్ యార్డునకు పత్తి వచ్చు కాలమున వర్తకుల నడుమ ఎన్ని ఉత్తరములు నడచునో లెక్కింప శక్యము కాదు. దూది నమూనాల ఫలితములు, ధరల ఒప్పుదల, లారీ బయలుదేరిన కబురు, బ్యాంకు సమాచారము మొదలగునవి నేడు చాలవరకు ఈ-మెయిల్ ద్వారా వచ్చి పోవుచున్నవి. ఎమ్మిగనూరులో 1938వ సంవత్సరమున మాచాని సోమప్పగారి ఆధ్వర్యమున నేతపనివారి సహకార సంఘము వెలసిన నాటికి కార్యాలయములలో ఉత్తరములన్నియు కాగితముపైననే ఉండెడివి. కాగితమును చిట్టా ఆవర్జాలతో పాటు బీరువాలో పెట్టి తాళము వేసినచో, అది అక్కడ నున్నదని కంటికి కనబడెడిది. ఈ-మెయిల్ ఉత్తరమట్లు కనబడదు. అది ఎక్కడ నుండునో, పోయినచో ఎట్లు తిరిగి వచ్చునో తెలిసికొనుట వర్తకునికే గాక గృహస్థునకు కూడ నేడు అవసరమైనది.

ఈ ఉత్తరములు నిజముగా నుండు చోటు మన చేతిలోని ఫోను కాదు. మెయిల్ సర్వర్ అను కంప్యూటరు రేయింబవళ్లు మేలుకొని యుండి, వచ్చిన ఉత్తరములను స్వీకరించి, ఒక్కొక్కరి పేర ఏర్పరచిన మెయిల్‌బాక్సులో వానిని ఉంచును. దీనిని ఊరి తపాలా కార్యాలయముతో పోల్చవచ్చును. కొన్ని సంస్థలు సొంత సర్వరును నడుపుకొనును. గూగుల్, మైక్రోసాఫ్ట్ వంటి కంపెనీల సర్వర్లను వాడుకొనువారు అనేకులు. సర్వరు ఎవరిదైనను, అందలి ఉత్తరములకు వేరుగా ఒక నకలుండుట మంచిది. ఈ నకలునే బ్యాకప్ అందురు.

ఉత్తరములు పోవుటకు ముఖ్యముగా నాలుగు మార్గములు గలవు. మొదటిది యంత్రములోని లోపము. 2011 ఫిబ్రవరి చివర జీమెయిల్ వాడుకదారులలో నూటికి 0.02 వంతు, అనగా పదివేలమందిలో ఇద్దరి పెట్టెలు ఒక సాఫ్ట్‌వేర్ దోషము వలన ఖాళీ అయినవి. గూగుల్ వారు ప్రతి ఉత్తరమును ఒకటికి మించిన చోట్ల ఉంచుచున్నను, ఆ దోషము ఒకేసారి పెక్కు నకళ్లను తాకినది. తుదకు వానిని తిరిగి ఇచ్చినవి సర్వర్లతో సంబంధము లేక విడిగా దాచిన అయస్కాంత టేపులు.

రెండవది మనిషి చేయి. తొందరలో ఒక ఉత్తరమును డిలీట్ చేయుదుము. జీమెయిల్‌లో అది చెత్తబుట్టలో 30 దినములుండి, ఆ పిమ్మట దానంతట అది పోవును. మూడవది దుర్బుద్ధి. 2017 మే నెలలో ప్రపంచమంతట వ్యాపించిన వానాక్రై అను కంప్యూటరు వైరసు ఫైళ్లకు రహస్య తాళము వేసి, సొమ్ము చెల్లింపుడని బెదిరించినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు సైతము దాని వాత బడినవి. నాలుగవది నీరు, నిప్పు. 2009 అక్టోబరు మొదటి దినములలో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు నగరమును ముంచెత్తినవి. మంత్రాలయము సైతము జలమయమైనది. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశములోని స్ట్రాస్‌బర్గ్ నగరమున ఓవీహెచ్ అను కంపెనీ వారి సర్వర్ల భవనము అగ్నికి ఆహుతియైనది. అసలును, నకలును ఆ ఆవరణలోనే ఉంచుకొన్న కొందరు ఖాతాదారులకు రెండును దక్కలేదు.

ఇచట ఒక అపోహను తొలగింపవలసి యున్నది. ఫోనులోను, కంప్యూటరులోను ఒకే ఉత్తరములు కనబడుచున్నవి గనుక నకలు ఉన్నట్లేయని పలువురు తలతురు. ఆ రెండును సర్వరులోని పెట్టెనే చూపుచున్నవి. ఒకచోట డిలీట్ చేసిన ఉత్తరము తక్కిన చోట్ల గూడ మాయమగును. నిన్నటి స్థితిని నిన్నటి వలెనే నిలిపి యుంచి, నేడు ఏమి జరిగినను మారకుండునదే బ్యాకప్ అనిపించుకొనును.

దీనిని తీయుటకు మనిషి జ్ఞాపకముపై ఆధారపడరాదు. పత్తి కాలమున గుమాస్తాకు తీరిక యుండదు. పండుగనాడు కార్యాలయము తెరవరు. రేడియో కార్యక్రమములు పట్టిక ప్రకారము వేళకు వచ్చినట్లే, నకలు కూడ పట్టిక ప్రకారము తనంతట తాను జరుగవలెను. లినక్స్ సర్వర్లలో ఇందుకై క్రాన్ అను ఏర్పాటు గలదు. దానికి ఇచ్చు ఆజ్ఞకు ముందు ఐదు స్థానములుండును: నిమిషము, గంట, తేది, నెల, వారము. మొదటి స్థానమున 30, రెండవ స్థానమున 1 వ్రాసి, తక్కిన మూడింట నక్షత్రపు గుర్తు నుంచినచో, ప్రతిరాత్రి 1 గంట 30 నిమిషములకు ఆ పని ఆరంభమగును. ఆ వేళకు ఉత్తరముల రాకపోకలు తక్కువగా నుండును గనుక సర్వరుపై భారము పడదు. అయితే ఆ నిమిషమున కరెంటు లేక కంప్యూటరు ఆగియున్నచో క్రాన్ ఆ పనిని విడిచివేయును. తరువాత జ్ఞప్తికి తెచ్చుకొనదు. కావున బ్యాటరీ ఆధారముండవలెను. లేదా తప్పిన పనిని కంప్యూటరు తిరిగి లేచిన పిమ్మట చేయించు అనాక్రాన్ అను తోడు ఏర్పాటును అమర్చుకొనవలెను.

ప్రతిరాత్రి పెట్టె నంతను తిరిగి వ్రాయ నక్కరలేదు. వారమునకొకసారి సంపూర్ణ నకలును, తక్కిన ఆరు రాత్రులు క్రొత్తగా చేరినదానిని మాత్రము తీసిన చాలును. ఒక ఉదాహరణము చూతము. ఒక సంస్థలో 10 మెయిల్‌బాక్సులు, ఒక్కొక్కటి 5 జీబీ చొప్పున 50 జీబీ ఉన్నవనుకొందము. దినమునకు క్రొత్తగా చేరునది అన్నిటికి కలిపి 200 ఎంబీ. ఆదివారము 50 జీబీ, తక్కిన ఆరు రాత్రులకు 1.2 జీబీ, వెరసి వారమునకు 51.2 జీబీ యగును. నాలుగు వారముల నకళ్లను నిలుపుకొన్నను సుమారు 205 జీబీ మాత్రమే. 500 జీబీ డిస్కులో ఇది ఇమిడి, ఇంకను చోటు మిగులును. పాత నకళ్లను వెంటనే చెరపరాదు. ఉత్తరము పోయిన సంగతి ఆ మరునాడే తెలియదు. బేళ్ల నాణ్యతను గూర్చి నెలల తరువాత తగవు వచ్చినపుడు వెదకగా తెలియును.

నకలు నుంచు చోటును గూర్చి లోకమున ప్రసిద్ధమైన సూత్రమొకటి గలదు. అసలుతో కలిపి మూడు ప్రతులు, రెండు రకముల సాధనములపై, ఒకటి వేరే చోట నుండవలెననునది ఆ సూత్రము. ఆదోనికి, ఎమ్మిగనూరునకు నడుమ దూరము సుమారు 30 కిలోమీటర్లు. ఆదోనిలో సర్వరు గల వర్తకుడు ఎమ్మిగనూరులోని తన శాఖలోనో, నమ్మకమైన బంధువు నింటనో ఒక డిస్కు నుంచవచ్చును. ఎమ్మిగనూరువారు ఆదోనిలో అట్లే చేయవచ్చును. రెండు డిస్కులను వారము విడిచి వారము మార్చుచుండిన, ఒకటి ఎల్లప్పుడు కంప్యూటరునకు తగిలింపబడక విడిగా నుండును. వైరసు దానిని చేరజాలదు. డిస్కు పరులచేత బడినను చదువుటకు వీలులేకుండ దానికి సంకేతాక్షరముల తాళము వేయవలెను. ఆ తాళపు పాస్‌వర్డు ఒక్కరి మనస్సులో మాత్రముండక, కాగితముపై వ్రాయబడి, యజమాని యొద్ద భద్రముగా నుండవలెను. గుమాస్తా ఉద్యోగము మానినపుడు పాస్‌వర్డు గూడ అతనితో పోరాదు.

ప్రతి ఉదయము, రాత్రి పని ముగిసినదనియు, ఎంత వ్రాయబడినదనియు సర్వరు ఒక చిన్న నివేదిక పంపునట్లు అమర్చవలెను. ఏ కబురును రాకున్నచో అంతయు క్షేమమని తలపరాదు. నివేదిక రానినాడు తప్పక విచారింపవలెను. నెలకొకసారి ఏదో ఒక పాత ఉత్తరమును నకలు నుండి తిరిగి తెచ్చి, జోడింపు కాగితములతో సహా తెరచి చూడవలెను. అట్లు తెచ్చునపుడు దానిని అసలు పెట్టెపై వ్రాయక, వేరొక ఖాళీ పెట్టెలోనికి తేవలెను. లేనిచో క్రొత్త ఉత్తరములకు చేటు వాటిల్లును.

ఇందు చట్టమునకు సంబంధించిన సంగతియు గలదు. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 7వ సెక్షను ప్రకారము, చట్టరీత్యా కొంతకాలము దాచవలసిన పత్రములను ఎలక్ట్రానిక్ రూపమున దాచవచ్చును. అయితే వానిని పిమ్మట తెరచి చూచుటకు వీలుండవలెను. ఎచటినుండి ఎచటికి, ఏ తేదీన, ఏ వేళకు పంపబడినవో తెలుపు వివరములును నిలిచి యుండవలెను. కావున ఉత్తరములోని మాటలను మాత్రము అచ్చు తీసి ఉంచుకొనుట చాలదు. దాని శీర్ష వివరములతో సహా మొత్తము ఫైలును భద్రపరచవలెను.

సర్వరు లేని సాధారణ గృహస్థులకును మార్గము గలదు. జీమెయిల్ వాడువారు గూగుల్ టేకౌట్ అను సదుపాయములో, ప్రతి రెండు నెలలకొకసారి, ఒక సంవత్సరముపాటు నకలు తయారగునట్లు ముందుగానే కోరవచ్చును. సిద్ధమైన ప్రతిసారి కబురు వచ్చును. గడువు తీరకముందే దానిని దింపుకొని ఇంటి డిస్కులో నుంచవలెను. ఎంబాక్స్ అను రూపమున వచ్చు ఆ ఫైలును థండర్‌బర్డ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనికి చేర్చుకొని చదువవచ్చును. ఏడాది ముగిసిన తరువాత ఆ కోరికను మరల నమోదు చేయవలెను.

పిల్లల చదువుల పత్రములు, పింఛను కాగితములు, దూరదేశముననున్న కుమారుడు వ్రాసిన ఉత్తరములు ఒకే పెట్టెలో చేరియున్న కుటుంబములు నేడు ఎన్నియో కలవు. డిస్కునకు పెట్టు ఖర్చు స్వల్పము. ఏర్పాటు చేయుటకు ఒక పూట చాలును. ఇంట కంప్యూటరు తెలిసిన పిల్లవాడున్నచో, ఈ ఆదివారమే ఆ పూటను ఇందుకు కేటాయించుట మేలు.