పొయ్యిపాలయ్యే ముక్కలతో.. చదరంగపు పలక

బిచ్కుంద: ద్వారబంధాలు, తలుపులు చేయగా మిగిలిన టేకు, మద్ది ముక్కలు వడ్రంగి కొట్టాల్లో చివరకు పొయ్యి కిందికే చేరుతున్నాయి. నాగళ్లు, బండి గీరలు చేయించుకునే రైతులు తగ్గిపోయాక ఇంటి తలుపుల పనే వడ్రంగులకు ఆధారమైంది. సిద్ధంగా దొరికే తలుపులు, ప్లాస్టిక్ చౌకట్లు రావడంతో ఆ పనికీ పోటీ తప్పడం లేదు. జానెడు, మూరెడు ముక్కలను రెండు రంగుల్లో ఏరి, చదరంగపు బల్లలా అతికి చేసే కూరగాయల పలకలు నగరాల్లోని దుకాణాల్లో కానవస్తున్నాయి. వీటిని చేయడానికి రంపం, రందా, జిగురు, క్లాంపులు చాలు. అయితే కర్ర నార ఏ దిక్కున ఉందో చూడకుండా అతికిన పలక తొలి వానాకాలంలోనే చీలిపోతుంది.

మన వంటిళ్లకు పలకతో పాత పరిచయం లేదు. ఈలపీట ముందు కూర్చుని కాయను కత్తి మీదికి తీసుకువెళ్లడమే తరతరాల అలవాటు. నిలబడి వండుకునే గట్టు వచ్చాక చాకు, దానితోపాటు కింద పెట్టుకునే పలక వచ్చాయి.

మాంసం మొద్దే నమూనా..

మాంసం దుకాణాల్లోని చింత మొద్దును గమనిస్తే ఈ పనిలోని కీలకం తెలుస్తుంది. మాను నిలువునా చీల్చిన చెక్కపై కాక, అడ్డంగా కోసిన దుంగ ముఖంపైనే అక్కడ కత్తి పడుతుంది. ఆ ముఖంలో నార కొసలు పైకి నిలబడి ఉంటాయి. కత్తి దెబ్బకు నార తెగదు, పక్కకు తొలగి మళ్లీ దగ్గరవుతుంది. అందువల్ల గాట్లు తక్కువ పడతాయి, కత్తి పదునూ నిలుస్తుంది. చదరంగపు పలకలోని ప్రతి గడీ ఒక చిన్న చింత మొద్దు వంటిదే.

మైసూరు జిట్రేగి పనిలో వలె పలుచని ముక్కలను పైన పొదిగితే ఇక్కడ పనికిరాదు. నిత్యం చాకు ఆడే చోట ఆ పొర లేచిపోతుంది. రంగు పలక మందమంతా ఉండాలి.

ఏ కర్ర?

లేత రంగుకు టేకు, ముదురు రంగుకు మద్ది, నల్లతుమ్మ చేవ సరిపోతాయి. జిట్రేగి మరింత నల్లగా మెరుస్తుంది గానీ ధర ఎక్కువ, దొరకడమూ కష్టం. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి మెత్తని కర్ర కనుక చాకుకు నిలవదు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేసేవారు నర్ది, బిక్కి వంటి అడవి కర్రలు వాడతారు. తిండికి తగిలే వస్తువుకు కర్రను ఏరుకోవడం మనవారికి కొత్త విద్య కాదన్నమాట.

పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే చౌకట్ల టేకు చూడడానికి ఎంతో బాగుంటుంది. అయితే పాత రంగుల్లో సీసం, కర్రలో చెదల మందు ఉండే అవకాశం ఉంది. అటువంటి ముక్కలను వంటింటి వస్తువుకు వాడరాదు. గన్నేరు వంటి విషపు మొక్కల కర్రనూ దూరంగా ఉంచాలి. పొలం గట్టు మీది చెట్టే అయినా కొట్టేముందు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద అనుమతి తీసుకోవాలి. ఈ పనికి మిగులు ముక్కలే చాలు గనుక ఆ అవసరం చాలామందికి రాదు.

రెండు అతుకులు.. నడుమ ఒక కోత

ఒకటిన్నర అంగుళాల వెడల్పు, అంతే మందం, 20 అంగుళాల పొడవుతో నాలుగు లేత పట్టీలు, నాలుగు ముదురు పట్టీలు సిద్ధం చేసుకోవాలి. ఒకటి విడిచి ఒకటి పేర్చి, పక్కలకు నీటిని తట్టుకునే జిగురు రాసి, క్లాంపులతో బిగించాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక రందా పట్టిన వెంటనే జిగురు రాయాలి. మర్నాటికి మిగిలితే అతుకు బలం తగ్గుతుంది.

ఒక రోజు ఆరిన తర్వాత 12 అంగుళాల వెడల్పున్న చారల బల్ల తయారవుతుంది. దీన్ని చారలకు అడ్డంగా, ఒకటిన్నర అంగుళాల చొప్పున 12 ముక్కలుగా కోయాలి. రంపపు కోతకు పోయే పొట్టును లెక్కిస్తే 20 అంగుళాల పొడవు అవసరమే. ప్రతి ముక్కను పడుకోబెట్టి కోసిన ముఖం పైకి వచ్చేలా తిప్పాలి. ఒకటి విడిచి మరొకదాన్ని ఈ కొస ఆ కొసకు మార్చితే లేత గడి పక్కన ముదురు గడి వస్తుంది. పట్టీలు సరి సంఖ్యలో ఉంటేనే ఇలా కుదురుతుంది. ఏడో తొమ్మిదో పెట్టుకున్నవారికి ఎంత తిప్పినా చారలే మిగులుతాయి. రెండోసారి అతికితే 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవుతో 96 గడుల పలక సిద్ధమవుతుంది. బరువు నాలుగు కిలోలకు దగ్గరగా ఉంటుంది.

కొసలు పైకి నిలిచిన ముఖంపై రందా పడితే అంచులు పెచ్చులూడతాయి. ముతక ఉప్పుకాగితంతో మొదలుపెట్టి సన్నదానితో ముగించడం మేలు. ఇక్కడ ముక్కుకు గుడ్డ తప్పనిసరి. జిట్రేగి, టేకు ధూళి కొందరికి దురద, ఆయాసం తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ కర్ర ధూళిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. చాలా కొట్టాల్లో ఈ సంగతి పట్టించుకునేవారు తక్కువ.

వానాకాలపు చిక్కు

కర్ర పొడవు దిశలో దాదాపు పెరగదు, తరగదు. అడ్డంగా మాత్రం తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. మే నెల వడగాలిలో ఎండిన పలక శ్రావణంలో ఉబ్బుతుంది. అన్ని గడుల నారా నిటారుగా ఉంటే పలక మొత్తం ఒకే తీరుగా కదులుతుంది. అందం కోసం నడుమ ఒక వరుసను పడుకోబెట్టినా, చుట్టూ చట్రం బిగించినా చిక్కే. ఉబ్బే పలక కదలని చట్రాన్ని తోస్తుంది, చివరకు అతుకో చట్రమో విడిపోతుంది. బండి గీర చేసిన పెద్దలు ఆకులు, పూటీలు, నాభి ఒక్కోటీ ఏ దిక్కు నారతో ఉండాలో ఈ లెక్కనే చూసుకునేవారు. ఆ అనుభవం ఉన్న చేతులకు దీన్ని విడిగా నేర్పాల్సిన పని లేదు.

చెక్కపై సూక్ష్మక్రిములు చేరతాయనే భయంతో ప్లాస్టిక్ పలకలు కొనేవారున్నారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డీన్ క్లివర్ బృందం 1990వ దశకంలో ఈ రెంటినీ పోల్చింది. చెక్కలోకి ఇంకిన క్రిములు మళ్లీ పైకి రాక క్రమంగా చనిపోతున్నాయని, గాట్లు పడిన ప్లాస్టిక్‌ను చేత్తో కడిగి శుభ్రం చేయడం కష్టమని తేల్చింది. అయినా పచ్చి మాంసానికి, కూరగాయలకు వేర్వేరు పలకలు ఉండడమే మంచిది.

పూతగా వార్నిష్ వద్దు, చాకు తగిలి పెచ్చులుగా కూరలో పడుతుంది. వేరుశనగ, ఆవనూనెలు కొన్నాళ్లకు ముక్క వాసన వేస్తాయి. తిండికి పనికివచ్చే రకం మినరల్ ఆయిల్‌లో తేనెమైనం కరిగించి రుద్దితే నార కొసలు దాన్ని పీల్చుకుంటాయి. పని కాగానే పలకను కడిగి, తుడిచి, నిలబెట్టి ఆరనివ్వాలి. నీళ్లలో నానబెట్టకూడదు. రంగు తేలిపోయి పాలిపోయినట్లు కనిపిస్తే మళ్లీ నూనె రుద్దాలి.