ముందు అద్దె, తర్వాత శిలాఫలకం: మానసిక రోగులకు వరంగల్‌లో కావలసిన ఇల్లు

వరంగల్, హనుమకొండల నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడ్డ కుటుంబాల్లో పెళ్ళిచూపులప్పుడు బయటపెట్టని, దగ్గరి స్నేహితులకు కూడా చెప్పుకోని సంగతి ఒకటి తరచుగా ఉంటుంది. ఊళ్ళో అన్నకో చెల్లెలికో మనసు బాగుండదు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మొదలైన స్కిజోఫ్రీనియానో బైపోలార్ జబ్బో ఇన్నేళ్ళుగా ఇంట్లోనే ఉండిపోయింది. చూసుకునేది డెబ్బై దాటిన అమ్మానాన్నలు. "మేం పోయినంక వీన్ని ఎవరు చూస్తరు బిడ్డా?" అని అమ్మ ఫోన్లో అడిగితే నెలనెలా పంపే డబ్బు తప్ప మన దగ్గర జవాబు లేదు.

వైద్యం ఆ ప్రశ్నకు సగం జవాబే ఇస్తుంది. మిగతా సగంలో రెండు విషయాలున్నాయి. జబ్బు అదుపులో ఉన్న రోజుల్లో మనిషి బతకడానికి ఒక ఇల్లు కావాలి. జబ్బు విషమించిన రాత్రి తలుపు తట్టగలిగిన తోడు కావాలి. ఈ రెండూ ఎలా సమకూరుతాయో, అందులో ప్రవాసుల పాత్ర ఏమిటో చూద్దాం.

ఓపీ చీటీ దాకా వచ్చిన దారి

నిజాం రాష్ట్రంలో మానసిక రోగుల ఆసుపత్రి జాల్నాలో ఉండేది. ఆ ఊరు ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. 1953లో ఆ ఆసుపత్రి హైదరాబాదు ఎర్రగడ్డకు వచ్చింది. తెలంగాణ పల్లెల్లో "ఎర్రగడ్డ" అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. వరంగల్ నుంచి సుమారు 145 కిలోమీటర్లు. రోగిని అక్కడ దింపి, ఇంటి చిరునామా తప్పు రాయించి వచ్చేసిన కుటుంబాల కథలు దేశంలో ఏ పెద్ద మానసిక ఆసుపత్రిలోనైనా వినిపిస్తాయి.

ఈ పద్ధతి మార్చాలని 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. మామూలు ఆరోగ్య కేంద్రాల్లోనే ఈ వైద్యం అందించవచ్చని 1980లలో బళ్ళారి జిల్లాలో చేసి చూపించారు. తెలుగు బాగా వినిపించే జిల్లా అది. ఆ అనుభవంతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో నాలుగు జిల్లాల్లో ఆరంభమైంది. వాటిలో మన మెదక్ ఒకటి.

ఇవాళ వరంగల్‌లో ఆ దారి ఎంజీఎం ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి చేరుతుంది. 2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది, 2019లో ములుగు వేరైంది. గీతలు మారినా రోగుల దారి మారలేదు. ఏటూరునాగారం నుంచి, భూపాలపల్లి నుంచి, మహబూబాబాద్ నుంచి పొద్దున్నే బస్సెక్కి ఇక్కడికే వస్తారు. వరుసలో ఒక తల్లి చేతిలో పాలిథిన్ కవరు ఉంటుంది. అందులో నాలుగు మడతల పాత చీటీలు, సగం వాడిన మాత్రల అట్టలు, ఆధార్ జిరాక్సు. పక్కనే ముప్పై ఏళ్ళ కొడుకు నేల చూపులు చూస్తూ నిలబడతాడు. లోపలికి వెళ్ళాక డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "నిద్రపోతున్నాడా?" రెండోది "మందులు మింగుతున్నాడా?" రెండింటికీ జవాబు ఇంటి మనిషే చెప్పాలి.

అసలు కీలకం అక్కడుంది. మాత్రలు పనిచేస్తాయి. చెవిలో మాటలు, అనుమానాలు చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుముఖం పడతాయి. మాత్ర మింగనని మొండికేసే వారికి నెలకోసారి వేసే ఇంజెక్షన్లున్నాయి. కానీ తగ్గింది కదా అని మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. వేళకు అన్నం, మాత్ర, నిద్ర ఉండేలా చూసే మనిషి లేకపోతే ఆసుపత్రి చేసిన వైద్యం ఎక్కువ కాలం నిలవదు.

ఆ మనిషి లేని చోట ఏం జరుగుతుందో 2001 ఆగస్టు 6న దేశం చూసింది. తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో దర్గాను నమ్ముకుని వచ్చిన రోగులను ఒక ప్రైవేటు ఆశ్రమం గొలుసులతో కట్టి ఉంచేది. తెల్లవారుజామున పాక అంటుకుంది. గొలుసులు తెంచుకోలేక 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టింది.

వరంగల్ వాళ్ళకు దర్గాలు కొత్త కాదు. కాజీపేట దర్గాకూ అన్నారం దర్గాకూ కులమతాలతో పనిలేకుండా మొక్కుకుని వెళ్తారు. గాలి సోకిందనీ చేతబడి అనీ మొదట తాయెత్తు కట్టించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. వారిని వెక్కిరిస్తే ఒక్కరు కూడా ఆసుపత్రికి రారు. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గా ఆవరణలోనే సైకియాట్రిస్టును కూర్చోబెట్టి "దవా, దువా" పేరుతో మందునూ మొక్కునూ ఒకచోట చేర్చారు. మన దగ్గరా అలాంటి ప్రయత్నం చేయదగ్గదే.

చట్టం ఇప్పటికే ఒప్పుకుంది

2017లో వచ్చి 2018 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చాలామంది అనుకునే దానికంటే ముందుకు వెళ్ళింది. 18వ సెక్షన్ వైద్యంతో పాటు వసతి కూడా ప్రభుత్వ బాధ్యతే అంటుంది. అందులో మూడు రకాలున్నాయి. ఆసుపత్రి నుంచి వచ్చి ఇంటికి వెళ్ళేలోగా కొన్నాళ్ళుండే హాఫ్‌వే హోమ్ ఒకటి. ఎప్పుడూ ఎవరో ఒకరి కనిపెట్టు కావలసిన వారికి ఆశ్రయ గృహం రెండోది. తమ పనులు తాము చేసుకుంటూ అవసరమైనంత మేరకే సాయం తీసుకునే ఇల్లు మూడోది.

19వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. ఇంటివాళ్ళు వద్దన్నారనో, ఇల్లే లేదనో, బయట వసతి లేదనో మనిషిని ఆసుపత్రిలో ఉంచేయకూడదు. కుటుంబ గృహంలో నివసించే హక్కును కాపాడుకోవడానికి న్యాయ సహాయం కూడా ప్రభుత్వం ఇవ్వాలి. ఇది ప్రవాసులకు నేరుగా తగిలే మాట. నయీంనగర్‌లోనో సుబేదారిలోనో నాన్న కట్టిన ఇంటి ధర ఇవాళ ఆకాశంలో ఉంది. అన్నదమ్ములు పంచుకుని అమ్మేస్తే జబ్బు ఉన్న తమ్ముడి వాటా బ్యాంకులో డబ్బవుతుంది, అతనికి మాత్రం గది ఉండదు. అమ్మానాన్నలు బతికుండగానే వీలునామాతోనో ట్రస్టుతోనో అతని వసతికి ఏర్పాటు చేయడం కుటుంబం చేయగల మొదటి మంచి పని.

ఇంకో పొరపాటు కూడా తరచుగా జరుగుతుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఇచ్చే సంరక్షకుల ఏర్పాటు ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికే. స్కిజోఫ్రీనియా అందులోకి రాదు. కానీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం ఉంది. వైకల్య నిర్ధారణ శిబిరంలో 40 శాతం, అంతకు మించి ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పరువు పోతుందని చాలామంది ఆ శిబిరానికే వెళ్ళరు.

నలుగురు ఉండే ఇల్లు

చెన్నైలో ది బ్యానియన్ అనే సంస్థను 1993లో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు యువతులు మొదలుపెట్టారు. వీధిలో తిరిగే మానసిక రోగుల్లో ఆడవాళ్ళకు నీడ ఇవ్వడం తొలి ఉద్దేశం. చాలామంది కోలుకుని ఇళ్ళకు వెళ్ళారు. కొందరికి వెళ్ళడానికి ఇల్లు లేదు, లేదా ఇల్లు రానివ్వలేదు. వారి కోసం 2015లో "హోమ్ అగైన్" మొదలైంది.

పద్ధతి సాదాసీదాది. మామూలు వీధిలో మామూలు ఇల్లు అద్దెకు తీసుకుంటారు. నలుగురైదుగురు కలిసి ఉంటారు. పక్క వీధి నుంచో ఊరి నుంచో వచ్చిన స్థానిక మహిళకు శిక్షణ ఇచ్చి తోడుగా పెడతారు. ఆమె నర్సు కానక్కర్లేదు. ఎవరు ఏ కూర వండాలో, ఎవరు కూరగాయలకు వెళ్ళాలో ఇంట్లోవాళ్ళే తేల్చుకుంటారు. ఒకరు పనికి వెళ్తారు, మరొకరు టీవీ ముందు కూర్చుంటారు, ఇంకొకరు పక్కింటి ఆవిడతో ముగ్గు విషయంలో తగువు పెట్టుకుంటారు. అలాంటి తగువు కూడా ఆసుపత్రి వార్డులో దొరకని మామూలు జీవితమే. ఈ పద్ధతి తర్వాత కేరళ, మహారాష్ట్ర, అస్సాంలకూ వెళ్ళింది.

ఇదే సూత్రంతో న్యూయార్క్‌లో 1992లో శామ్ సెంబెరిస్ అనే సైకాలజిస్టు "పాత్‌వేస్ టు హౌసింగ్" మొదలుపెట్టారు. వైద్యానికి ఒప్పుకుంటేనే ఇల్లు అనే షరతు తీసేసి ముందు ఇంటి తాళం చెవి చేతికిచ్చారు. అయిదేళ్ళ తర్వాత 88 శాతం మంది ఇంట్లోనే ఉన్నారని 2000లో వచ్చిన అధ్యయనం చూపించింది.

అమెరికా నేర్పిన చేదు పాఠం కూడా ఉంది. 1963లో కెన్నెడీ సంతకం చేసిన చట్టం పెద్ద ఆసుపత్రులకు బదులు ఊరూరా కేంద్రాలు పెడతామంది. ఆసుపత్రులు ఖాళీ అయ్యాయి. బయట రావలసిన కేంద్రాలు, ఇళ్ళు అనుకున్నంతగా రాలేదు. అమెరికా పెద్ద నగరాల డౌన్‌టౌన్ పేవ్‌మెంట్ల మీద ఇవాళ కనిపించే మనుషుల్లో ఆ తప్పు కొంత ఉంది.

తెలంగాణలో దయగల ఆశ్రమాలున్నాయి. విజయవాడ రహదారిలో చౌటుప్పల్ దగ్గరి అమ్మానాన్న అనాథాశ్రమం లాంటివి రోడ్డు మీది మనిషిని తెచ్చి స్నానం చేయించి, గడ్డం గీసి, అన్నం పెడుతున్నాయి. వారికి దండం పెట్టాల్సిందే. అయితే వందల మంది ఒకచోట ఉండే ఆశ్రమం చివరి మజిలీ కాకూడదు. అక్కడ కోలుకున్న మనిషి నలుగురు ఉండే ఇంటికి చేరాలి.

విషమించిన రాత్రి

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు తర్వాత దేశమంతా పాకింది. గుండెనొప్పికి, పురుగుల మందు తాగిన కేసుకు బండి ఇంటి ముందుకు వస్తుంది. మూడు రాత్రులుగా నిద్రలేక, అన్నంలో విషం కలిపారని తల్లి మీదికే వెళ్తున్న కొడుకుకు మాత్రం ఎవరిని పిలవాలో ఇంట్లో ఎవరికీ తోచదు. చివరికి నలుగురు మగవాళ్ళు తాడుతో కట్టి ఆటోలో వేస్తారు. ఆ రాత్రి కలిగిన అవమానాన్ని రోగి ఏళ్ళ తరబడి మరవడు, ఆ తర్వాత ఆసుపత్రి అంటేనే పారిపోతాడు.

చట్టం ఇక్కడ కూడా దారి చూపింది. 94వ సెక్షన్ ప్రకారం ప్రాణహానో తీవ్రమైన గాయమో తప్పించడానికి రిజిస్టరైన ఏ డాక్టరైనా, అంటే పీహెచ్‌సీలో ఉన్న ఎంబీబీఎస్ డాక్టరైనా, 72 గంటల దాకా అత్యవసర వైద్యం ఇవ్వవచ్చు, ఆసుపత్రికి తరలించవచ్చు. 100వ సెక్షన్ పోలీసులకు బాధ్యత పెట్టింది. కాజీపేట జంక్షన్లో ఏ రాష్ట్రం రైలో దిగి దిక్కుతోచక తిరిగే మనిషి కనిపిస్తే 24 గంటల్లో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లు లేని మనిషైతే తప్పిపోయినట్టు ఎఫ్ఐఆర్ రాసి కుటుంబాన్ని వెతకాలి.

2022 అక్టోబర్ 10 నుంచి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు, పగలైనా రాత్రైనా. అమెరికాలో 988 ఎలాగో అక్కడ ఇది అలాగ. ఫోన్లో మాట దొరుకుతుంది. ఇంటికి వచ్చే ఒక నర్సు, ఒక సోషల్ వర్కరు, వాళ్ళకో బండి కూడా తోడైతే తాడుతో పని తగ్గుతుంది.

అలాంటి బృందం ఏర్పడేలోగా కుటుంబం చేయగలిగినవీ ఉన్నాయి. జబ్బు తిరగబెడుతున్నప్పుడు ముందుగా కనిపించే గుర్తులు కాగితం మీద రాసి పెట్టుకోవాలి: నిద్ర తగ్గడం, మాత్ర దాచడం, తిండి మీద అనుమానం. ఆ రాత్రి ఒక్కరే, నెమ్మదిగా మాట్లాడాలి. "నీది భ్రమ" అని వాదించకూడదు. పత్తి చేను ఉన్న ఇంట్లో పురుగుల మందు డబ్బాను మూలన పెట్టకుండా తాళం వేసిన చోట ఉంచాలి. జబ్బు అదుపులో ఉన్న రోజుల్లో తనకు ఏ వైద్యం ఇష్టమో, ఏది వద్దో రోగి ముందే రాసి ఇవ్వవచ్చు, తన తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకోవచ్చు. ఆ మనిషి మీరే అయితే మీ ఫోను రాత్రిపూట సైలెంట్‌లో ఉండకూడదు.

మన ప్రవాస సంఘం ఏం చేయగలదు

ప్రవాసుల దానాలు ఎక్కువగా కట్టడాల రూపంలో ఉంటాయి. బడికి గది, గుడికి గోపురం, ఆసుపత్రికి బ్లాకు. రిబ్బను కత్తిరించే రోజు ఉంటుంది, పేరు చెక్కే రాయి ఉంటుంది. నలుగురు ఉండే అద్దె ఇంటికి ఇవేవీ ఉండవు. దానికి కావలసింది ప్రతి నెలా అద్దె, సరుకులు, ఇద్దరు తోడు మనుషుల జీతం, ఎంజీఎంకు వెళ్ళే ఆటో కిరాయి. మొదటి ఏడాది ఉత్సాహంగా ఇచ్చి మూడో ఏడాది ఆపేస్తే నలుగురూ మళ్ళీ రోడ్డున పడతారు. మొదలుపెట్టకపోవడం కన్నా అది ఘోరం.

అందుకని నియమం ఇలా పెట్టుకోవాలి: పదేళ్ళ ఖర్చు లెక్కవేసి, ఆ మొత్తం చేతికొచ్చాకే మొదటి ఇంటి అద్దె ఒప్పందం రాయించాలి. ఒప్పందం సంస్థ పేరున ఉండాలి. "పిచ్చోళ్ళకు ఇల్లియ్యం" అనే యజమానికి అద్దె వేళకు వస్తుందనే భరోసా చాలావరకు నచ్చజెబుతుంది. ఇల్లు ఆసుపత్రికి బస్సు దొరికే దూరంలో ఉండాలి, ఊరి బయట తోటలో కాదు. నడిపే బాధ్యత ఈ పనిలో అనుభవమున్న స్థానిక సంస్థది. కేంద్ర ప్రభుత్వ దీన్‌దయాళ్ వికలాంగుల పునరావాస పథకంలో కోలుకున్న మానసిక రోగుల హాఫ్‌వే హోమ్‌కు గ్రాంటు ఉంది, దానికీ దరఖాస్తు చేయించాలి.

డబ్బు పంపే దారి కూడా తెలుసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. సంఘం తరఫున పంపేటప్పుడు ఈ సంగతి ముందే చూసుకోకపోతే మంచి పని చేయబోయి అక్కడి సంస్థను చిక్కుల్లో పెడతాం.

మన సంఘం వచ్చే మహాసభల బడ్జెట్‌లో ఈ పనికి ఒక పద్దు కేటాయించమని కార్యవర్గాన్ని అడుగుదాం. హనుమకొండలో ఒక ఇల్లు, నలుగురు మనుషులు, పదేళ్ళ అద్దె. ఆ లెక్క తేలాక శిలాఫలకం సంగతి చూసుకోవచ్చు.