బొంత

బొంత అనగా పాత చీరలు, పంచెలు, గుడ్డముక్కలు పొరలుగా పేర్చి కుట్టిన పరుపు లేక దుప్పటి. తెలంగాణలో వికారాబాదు, తాండూరు వంటి ప్రాంతాలలో దీనిని ఇంటివద్ద చేతితో కుట్టడం పరిపాటి. విదేశాలలో కత్తిరించిన ముక్కలను నమూనాతో కలిపి పొట్లంగా అమ్ముతారు. మన ఊళ్ళలో దర్జీ కొట్టులో మిగిలిన ముక్కలే ఆ పొట్లం.

పైపొర ముక్కలను అతకడానికి కాలితో తొక్కే పాత సింగర్, ఉషా మిషన్లు చాలు. అవి వేసేది తిన్నని కుట్టు ఒక్కటే, కావలసినదీ అదే. అంచు నుండి పావు అంగుళం (సుమారు 6 మి.మీ.) వదిలి కుట్టాలి. ఈ కొలత 1 మి.మీ. పెరిగితే అతుకుకు ఇరువైపులా గుడ్డ తగ్గుతుంది కనుక, 10 అతుకులకు వరుస 20 మి.మీ. కురచై పక్క వరుసతో కలవదు.

అడుగున చీరల మడతలు చేర్చిన పిమ్మట ఆ మందం మిషను పాదం కింద పట్టదు. బలవంతంగా తోస్తే సూది విరుగుతుంది. అక్కడ పెద్దసూదితో చేతికుట్టే శ్రేయస్కరం.